చెప్పులు బయట వదలాలి

పన్నెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, కొత్త సంవత్సరం తరగతులు మొదలైనప్పుడు, జంషెడ్‌పూర్ పర్సుడీహ్‌లో ఉన్న మా తెలుగు సంఘం బడిలో శిశు తరగతిని రెండు సెక్షన్లు చేశారు. ఎ సెక్షన్ ఎప్పటిలాగే నాది. బి సెక్షన్‌కు భారతి అనే కొత్త టీచరును ఏడాది ప్రొబేషన్ మీద తీసుకున్నారు. ఏడాది చివర కమిటీకి పని నచ్చితే పర్మనెంటు చేస్తారు, నచ్చకపోతే పంపించేస్తారు. హెడ్మాస్టరు పోస్టు అప్పటికి ఖాళీ. సీనియర్ని కాబట్టి ఇన్‌ఛార్జిని కూడా నేనే. కొత్త టీచరు గురించి కమిటీకి రిపోర్టు ఇవ్వాల్సిందీ నేనే.

నాకు ఇప్పుడు యాభై నాలుగేళ్లు. గొంతు పాడవడంతో రెండేళ్ల కిందట ముందుగానే రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పి, పసిపిల్లలకు అక్షరాలు నేర్పడంలో 'మాస్టారి పద్ధతి' అంటూ చాలాసేపు పొగిడారు. ఆ పద్ధతి నాది కాదు. ఎవరిదో, ఆమె ఆ బడిలో ఎందుకు లేకుండా పోయిందో రాయడానికే ఇది.

మా పిల్లలు ఎలాంటివాళ్లో ముందు చెప్పాలి. తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటానగర్ రైల్వేలోకీ ఉక్కు పనుల్లోకీ వచ్చినవాళ్లు. నాయనమ్మ "ఏటి తింతావే" అని అడిగితే మనవరాలు ఏమీ వద్దని "కుఛ్ నహీ" అంటుంది. తెలుగు చెవిలో ఉంటుంది, నోట్లో ఉండదు. హిందీలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు కాబట్టి మా పిల్లలకు ఎ, ఏ ఒకటే, ఒ, ఓ ఒకటే. చెట్టును చేట్టు అంటారు. ఖ, ఘ, ధ లాంటి ఒత్తక్షరాలు మాత్రం శ్రీకాకుళంలో ఉన్న వాళ్ల మేనత్త పిల్లలకంటే బాగా పలుకుతారు.

ఇలాంటి పిల్లలకు నేను చెప్పే పద్ధతి నాకు చెప్పినదే. అ మొదలుకుని బండి ఱ దాకా వరసగా వల్లె వేయించడం. తర్వాత గుణింతం. కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి. నేను ఒకసారి అంటే క్లాసంతా రెండుసార్లు అనాలి. మా కోరస్ రోడ్డు మీదికి వినిపించేది. కూరల బండి దగ్గర నిలబడ్డ తల్లులు "మాస్టారు పాఠం సెప్తన్నారు" అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడాలనే కిటికీలు తీయించేవాణ్ని.

ఈ పద్ధతిలో లోపం నాకు తెలియకపోలేదు. మధ్యలోంచి ఒక అక్షరం, 'ద' అనుకోండి, బోర్డు మీద రాసి ఇదేమిటని అడిగితే, పిల్ల లోలోపల అ నుంచి పాడుకుంటూ వచ్చి ద దగ్గర ఆగుతుంది. ఆగగలిగితే. పాట ముందు వెళ్లిపోతుంది, వేలు వెనక ఎక్కడో ఉంటుంది. రెండో తరగతికి వెళ్లేసరికి చాలామంది సర్దుకుంటారు, కొందరు ఎప్పటికీ సర్దుకోరు. సర్దుకోనివాళ్లను మొద్దులనేవాళ్లం.

భారతి గమ్హరియా నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. భర్త అక్కడ ఒక చిన్న ఫ్యాక్టరీలో లేతు మెషీను మీద పని. ఆమెకు ముప్పై ఏళ్ల లోపే. మా రెండు సెక్షన్లకూ మధ్య అడ్డం ఒక ప్లైవుడ్ చెక్క మాత్రమే. మొదటి వారం అటువైపు నుంచి ఏమీ వినపడలేదు. పని చేయడం లేదనుకుని లోపల సంతోషించాను. రెండో వారం నవ్వులు వినపడ్డాయి. ఇన్‌ఛార్జి హోదాలో వెళ్లి చూశాను.

పిల్లలంతా ఎవరి గొంతు మీద వాళ్లు చేయి పెట్టుకుని "మ్‌మ్‌మ్" అంటున్నారు. తర్వాత చిన్న కాగితం ముక్కలు పెదవుల ముందు పట్టుకుని 'ప' అన్నారు. కాగితం కదిలింది. 'మ' అన్నారు. కదల్లేదు. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు.

"అక్షరాలెప్పుడు టీచరుగారూ?" అని అడిగాను.

"ముందు చెవికి అందాలండీ మాస్టారూ. తర్వాత కంటికి" అంది.

ఆమె అ నుంచి మొదలుపెట్టలేదు. త, ల, ర, మ, న, గ తీసుకుంది. రాయడానికి తేలిక, పలకడానికి తేలిక, పిల్లల పేర్లలో ఉండేవి. ఆ ఆరింటితోనే వెంటనే మాటలు. తల, నగ, మన, రమ, లత. ఒక్కో మాటా వేలితో చూపిస్తూ చదవాలి. అందరూ కోరస్‌గా అనడం ఆ గదిలో లేదు. పొట్టి ఎకు ఒక చప్పట, పొడుగు ఏకు చేతిని గాల్లో సాగదీయడం. 'చెట్టు' అన్నప్పుడు చప్పట, 'చేట' అన్నప్పుడు సాగదీత. నేను ఏళ్ల తరబడి బెత్తంతో సరిచేయలేని ఎ, ఏల తేడాను ఆ పిల్లలు ఆటగా పట్టేశారు. మూడు వారాలు తిరగకుండానే నాకు తెలిసిపోయింది, పక్క గదిలో జరుగుతున్నది నా గదిలో జరుగుతున్నదానికంటే మంచి పని అని.

అప్పటి నుంచి నా కుర్చీని ప్లైవుడ్ పక్కకు జరుపుకున్నాను. నా పిల్లలకు ఏదో రాసుకోమని చెప్పి అటువైపు వినేవాణ్ని. ఆమె గొంతు పెంచకుండా పాఠం చెప్పేది, అదీ నచ్చేది కాదు. ఆమె ఇంటర్వెల్‌లో పిల్లల మధ్య కూర్చుని టిఫిన్ తినడం, సెలవు గంట కొట్టాక కూడా ఇద్దరో ముగ్గురో ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని వేలాడటం, అన్నీ లెక్కపెట్టేవాణ్ని. నా పిల్లలు గంట కొట్టగానే పరిగెత్తేవారు. అంతకుముందు అది నాకు ఎన్నడూ తప్పుగా తోచలేదు. ఇక ఆమె పాఠం మొదలుపెట్టగానే నా వైపు నుంచి కోరస్ ఎత్తించేవాణ్ని. "ఇంకా గట్టిగా" అనేవాణ్ని. వాళ్లకంటే గట్టిగా నేనే అరిచేవాణ్ని. ఒకరోజు ఆమె తలుపు దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మా పిల్లలు శబ్దాలు వినాలండీ. పది నిమిషాలు మీరు లెక్కలు చెప్పుకుంటారా?" అని మర్యాదగానే అడిగింది. టైం టేబుల్ మార్చడం కుదరదన్నాను. టైం టేబుల్ వేసింది నేనే.

దీపావళి దాటాక ఈశ్వర్రావు అనే తండ్రి బడికి వచ్చాడు. టాటానగర్ యార్డులో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. బి సెక్షన్‌లో చదివే గౌరి అతని కూతురు. అతను హిందీ మీడియంలో చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు.

"మాస్టారూ, పలాస నుంచి మా మేనత్తోళ్ల శుభలేఖ వచ్చినాదండి" అన్నాడు. "మా అమ్మకి కళ్లు ఆనవు, నాకు తెలుగు సదవడం రాదు. పక్క కోటర్స్ తాతగారి కాడికి అట్టుకెల్దామని లేత్తంటే ఈ పిల్ల లాక్కుని, వేలెట్టి సదివేత్తంది. పెల్లికొడుకు పేరు, లగ్నం, ఊరు, అన్నీని. మా అమ్మయితే ఏడిసేసినాది. 'నీకు రానిది నీ కూతురికి వచ్చినాదిరా' అని నన్ను తిట్టింది కూడా."

"శిశు తరగతిలోనే అంత రాదే" అన్నాను.

"వచ్చినాది మాస్టారూ, నా కళ్లతో సూసినాను. ఏ సెక్షనయితేటి, బడి మీదే కదా. మీకే దండం ఎట్టాల" అని నా చేతులు పట్టుకున్నాడు. ఆ దండం తీసుకున్నాను. భారతి టీచరుకు చెప్పమని అనలేదు. ఆ సాయంత్రం నా సెక్షన్‌లో అందరికంటే తెలివైన పిల్లను పిలిచి 'లగ్నం' అంత కష్టమైనది కాదు, తేలికైన 'నగరం' అని రాసి చదవమన్నాను. ఆ పిల్ల "అ, ఆ, ఇ, ఈ" అని మొదలుపెట్టింది. ఇంటికి పంపించేశాను.

ఇలాంటి మాటలు మిగతా తల్లిదండ్రుల్లోనూ మొదలయ్యాయి. వచ్చే ఏడు తమ్ముణ్ని చేరుస్తాం, బి సెక్షన్‌లోనే వేయండని అడిగేవారు. నేను "చూద్దాం" అనేవాణ్ని.

కమిటీ సెక్రటరీ జోగారావుగారు రైల్వేలో గార్డుగా రిటైరయిన పెద్దమనిషి. జనవరిలో నన్ను పిలిచారు.

"ఆ అమ్మాయి సంగతి తేల్చాల మాస్టారూ. పిల్లలెలా ఉన్నారో ఓపాలి కమిటీ వాళ్లంతా సూత్తే బాగుంటాది. రెండు సెక్షన్లనీ నిలబెట్టి సెప్పిద్దాం. బాగుంటే పచ్చజెండా, నేకపోతే ఎర్రజెండా. ఏ రోజు ఎట్టుకుందారి?"

నేను ఆలోచించకుండా చెప్పానని అనిపించుకోవచ్చు గానీ, అది అబద్ధం. ఆలోచించే చెప్పాను. "సరస్వతీ పూజ రోజు పెట్టుకుందామండీ. అందరూ వస్తారు" అన్నాను.

ఈ ఊళ్లో సరస్వతీ పూజ ప్రతి బడిలో, ప్రతి వీధిలో జరుగుతుంది. బెంగాలీల దగ్గరా బిహారీల దగ్గరా చూసి మావాళ్లూ పందిరి వేసి మట్టి విగ్రహం పెట్టి చేస్తారు. ఆ రోజు పుస్తకాలు, పలకలు, పెన్నులు అన్నీ అమ్మవారి పాదాల దగ్గర పెట్టేస్తారు. కొత్తగా చేరే పసివాళ్ల చేత పంతులుగారు పళ్లెంలో బియ్యం మీద అక్షరం దిద్దిస్తారు. అదొక్కటే. మిగతా ఎవరూ ఆ రోజు చదవకూడదు, రాయకూడదు. మరునాడు పూజ అయ్యాకే పుస్తకం ముట్టుకోవాలి. పిల్లలకు ఏడాదిలో అంతకంటే ఇష్టమైన రోజు లేదు.

అంటే ఆ రోజు ప్రదర్శనలో పిల్లలు చేయగలిగేది ఒక్కటే, వరస వల్లె వేయడం. నా సెక్షన్‌కు అది తప్ప వేరే రాదు. బి సెక్షన్‌కు అది తప్ప అన్నీ వచ్చు. ఈ సంగతి బడిలో నాకూ భారతికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె వెంటనే నా దగ్గరికి వచ్చింది. "ఆ రోజు పుస్తకం ముట్టుకోరు కదా మాస్టారూ. మా పిల్లలు ఏం చూపిస్తారు?"

"చూపించేదేముందమ్మా. అ నుంచి ఱ దాకా చెబితే చాలు."

"వరస ఇంకా చెప్పలేదండీ. అక్షరాలన్నీ గట్టిపడ్డాక మార్చిలో చెబుదామనుకున్నాను. ఒక్క రోజు ఆలస్యంగా పెడితే..."

"కమిటీ ఖాయం చేసేసింది" అన్నాను.

ఆమె మర్నాటి నుంచి వరస మొదలుపెట్టింది. ప్లైవుడ్ అవతల నుంచి కోరస్ విని, గెలిచానని అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఆపేసింది. ఎందుకు ఆపావని అడిగితే, "పాట నోటికొస్తే పిల్లలు అక్షరం వైపు చూడటం మానేస్తున్నారండీ. నా ఉద్యోగం కోసం వాళ్ల చదువు చెడగొట్టలేను" అంది. ఆ మాటకు నాకు గౌరవం కలగాల్సింది. కలిగింది కోపం. ఆమె స్థానంలో నేనుంటే వల్లె వేయించేవాణ్నని నాకు తెలుసు.

పూజ ముందు సాయంత్రం పందిట్లో పనులు చూశాను. జనం చెప్పులతో లోపలికి వచ్చేస్తున్నారని, ఒక అట్ట ముక్క మీద మార్కరుతో 'చెప్పులు బయట వదలాలి' అని పెద్ద అక్షరాలతో రాసి, వేదిక పక్క వెదురుకు కట్టాను. కింద హిందీలో కూడా రాద్దామనుకుని చోటు చాలక వదిలేశాను.

మరునాడు పందిరి నిండింది. ఈశ్వర్రావు డ్యూటీలో ఉన్నాడు, రాలేదు. గౌరిని నాయనమ్మ తీసుకొచ్చింది. ముందు నా సెక్షన్. అ నుంచి ఱ దాకా ఒక్క ఊపులో చెప్పేశారు. గుణింతం కూడా అందుకున్నారు. చప్పట్లు మోగాయి. జోగారావుగారు నా వైపు చూసి తల ఊపారు.

తర్వాత బి సెక్షన్. అ, ఆ, ఇ, ఈ దాకా వచ్చి, అక్కడి నుంచి ఒకడు ఎ అన్నాడు, ఒకతె ఓ అంది, ఒకడు క అన్నాడు. ఆగిపోయారు. జనంలో గుసగుసలు. వెనక ఎవరో "ఏటీ, ఏడాదంతా ఆడుకున్నారేటి?" అన్నారు. ముందు వరసలో ఉన్న గౌరిని జోగారావుగారు దగ్గరికి పిలిచి, "నువ్వు సెప్పమ్మా, నీకేటొచ్చో" అన్నారు.

ఆ పిల్ల చుట్టూ చూసింది. వెదురుకు కట్టిన అట్ట కనిపించింది. చేయెత్తి, పుస్తకం మీద పెట్టినట్టు వేలిని గాల్లో పెట్టి, "చె... ప్పు... చెప్పులు... బయట... వదలాలి" అంది. చె దగ్గర పొట్టిగా ఒక చప్పట కూడా కొట్టింది.

పందిరంతా నవ్వింది. ముందు కూర్చున్న ఒకాయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "అడిగిందేటి, సెప్తన్నదేటి" అని ఆడవాళ్లు నవ్వారు. ఇంట్లో ఎవరో అనే మాట అప్పగిస్తోందనుకున్నారు. ఆ అట్ట అక్కడ ఉందనే చాలామందికి తెలియదు, తెలిసినా చదవగలిగినవాళ్లు తక్కువ.

భారతి పక్క నుంచి, "బోర్డు చదువుతోందండీ. ఇప్పుడే చూసింది, నేను నేర్పలేదు" అంది. ఆ మాట అందరికీ వినిపించింది.

జోగారావుగారు వెనక్కి తిరిగి అట్ట వైపు చూడబోయారు. అప్పుడు నేను ముందుకు వెళ్లి గౌరి భుజాలు పట్టుకుని అట్ట వైపు వీపు వచ్చేలా తిప్పేశాను. "ఇవాళ చదవకూడదు తల్లీ. అమ్మవారికి కోపం వస్తుంది. వరస చెప్పు" అన్నాను.

"అవునమ్మా, ఇయాల సదవకూడదు. మాస్టారు సెప్పింది రైటే" అన్నారు జోగారావుగారు. ఆయన భక్తికి ఆయన్ను ఏమీ అనలేం. గౌరి నా మొహంలోకి చూసి, "ఆతా నహీ" అంది. రాదు అని. జనం మళ్లీ నవ్వారు. ఈసారి నాయనమ్మ నవ్వలేదు.

ఆ అట్ట రాసింది నేను. ముందు సాయంత్రం దాకా అది లేదు. ఎవరూ నేర్పని, ఎప్పుడూ చూడని వాక్యాన్ని ఆరేళ్లు నిండని పిల్ల తప్పు లేకుండా చదివిందని ఆ పందిట్లో ఖాయంగా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

కమిటీ ఆ వారంలోనే తేల్చేసింది. నా రిపోర్టులో "అక్షరమాల వరస బోధించలేదు" అని రాశాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. మార్చి ఆఖరున ఆమె రిజిస్టరు అప్పగించి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో రెండు సెక్షన్లనూ కలిపి ఒకటో తరగతిగా నాకే ఇచ్చారు. ఆమె పిల్లలు చదువుతున్నారు, నా పిల్లలు పాడుతున్నారు. ఒకరోజు గౌరి నా పాత సెక్షన్ పిల్ల చేతిని తన గొంతు మీద పెట్టుకుని 'మ' నేర్పుతుండగా చూశాను. ఆపలేదు. వింటూ కూర్చున్నాను. అలా భారతి పద్ధతంతా ఆమె పిల్లల దగ్గర నేర్చుకున్నాను, మరుసటి ఏడు నుంచి శిశు తరగతిలో అదే చెప్పాను. మా పిల్లలు చదువుతారని పేరొచ్చింది. సోనారిలోని ఇంకో బడివాళ్లు పిలిచి చెప్పించుకున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే "అనుభవం" అనేవాణ్ని. నా గొంతు మాత్రం ఆ ఏడాది అరుపులకు పాడైంది, తిరిగి బాగుపడలేదు.

వీడ్కోలు సభ అయిన కొన్ని నెలలకు గమ్హరియా వెళ్లి వాకబు చేసి ఆమె ఇల్లు పట్టుకున్నాను. వరండాలో ఫ్యాక్టరీ కూలీల పిల్లలు కాగితం ముక్కలు పెదవుల ముందు పట్టుకుని హిందీ అక్షరాలు పలుకుతున్నారు. వాళ్లను పంపించాక జరిగిందంతా చెప్పాను. ప్రదర్శన పూజ రోజే ఎందుకు పెట్టించానో, అట్ట రాసింది ఎవరో, శాలువా సంగతి కూడా.

ఆమె టీ ఇచ్చింది. "తెలుసు మాస్టారూ" అంది. "పిల్ల భుజాలు పట్టుకుని తిప్పారు చూడండి, అప్పుడే తెలిసింది. చదువు రాని పిల్లనైతే తిప్పక్కర్లేదు కదా."

క్షమించమని అడగబోయాను. "నాకు చెప్పి ఏం లాభమండీ? పందిట్లో ఉన్నవాళ్లకు చెప్పండి. నవ్వింది వాళ్లు" అని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

కమిటీ ముందు చెప్పాను. జోగారావుగారు, "ఆ బండి ఎప్పుడో ఎల్లిపోయింది మాస్టారూ. ఇప్పుడు సిగ్నలిచ్చి ఏటి సేత్తారు?" అన్నారు. పద్ధతికి ఆమె పేరు చెప్పమన్నాను, చూద్దామన్నారు. ప్రదర్శనను పూజ మరునాటికి మార్చమన్నాను, దానికి ఒప్పుకున్నారు. పోయిన ఏడు అలాగే జరిగింది. పిల్లలు పుస్తకాలు తెరిచి చదివారు. పద్ధతి ఎవరిదో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ నేను చెబుతున్నాను. అది భారతి టీచరుది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. పిల్లకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే వరస అడగకూడదు. అంతకుముందు చూడని వాక్యం ఒకటి ఎదురుగా పెట్టి, పక్కన నోరు మెదపకుండా నిలబడాలి. ఆ రోజు పందిట్లో మొదటి పని తెలియకుండానే చేశాను. రెండోది తెలిసి కూడా చేయలేకపోయాను.